మాకు బండి ఉందండీ

పవర్‌పేట స్టేషనుకి ఎదురుసందులో ఉంది మా స్టాండు. మా స్టాండు అంటున్నాను గాని అందులో నాదేమీ లేదు. స్థలం శ్రీరంగనాయకులుగారిది, స్టాండు అబ్దుల్ వహాబుగారిది. నేను అక్కడ బండ్లకి బిళ్ళలు కట్టే మనిషిని. రేకుబిళ్ళ ఒకటి హ్యాండిలుకి తగిలించి, అదే నంబరుది ఇంకొకటి మనిషి చేతిలో పెడతాం. సాయంత్రం రెండూ కలిస్తే బండి బయటికి వెళుతుంది.

ఈ పనిలో మనుషుల మొహాల కన్నా బండ్ల మొహాలే గుర్తుంటాయి. పొద్దున్న ప్యాసింజరు వేళకి కుర్రాళ్ళు తాళం వేస్తూనే పరుగు మొదలెడతారు. బిళ్ళ అందుకునే చెయ్యి కనపడుతుంది, ఆ తర్వాత వీపు కనపడుతుంది. ఏ రైలెక్కుతారో, ఎటు పోతారో మనం అడగం. సాయంత్రం చీకటి పడే వేళకి బండి తీసుకుపోతారు. బండి మాత్రం పగలంతా నా ఎదురుగా ఉంటుంది. ఏ బండికి అద్దం పగిలిందో, ఏ బండి సీటుకి కుట్టు వేయించారో నాకు తెలుసు.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారువాళ్ళు కొట్టేసిన ఏడు నేను ఈ పనిలో చేరాను. మా ఊరు పెదపాడు దాటి లోపలికి పోవాలి. అప్పటిదాకా చెరువు మీద కాపలా ఉండేవాణ్ణి. వహాబుగారు నన్నేమీ అడగలేదు. "కూర్చోండి వీర్రాజుగారూ, టీ తాగండి" అన్నారు. టీ తాగాక బిళ్ళల డబ్బా నా ముందుకి జరిపారు. అంతే.

కన్నకూతుర్ని తప్ప ఆయన ఎవరినీ నువ్వు అనరు. స్టాండులో ఒక గోధుమరంగు కుక్క ఉండేది. వానపడితే బండ్ల మధ్యకి వచ్చి పడుకునేది. దాన్ని కూడా "లేవండి, కాస్త అటు పడుకోండి" అంటారని సందులోవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. నేను చెవులారా విన్నాను. అబద్ధం కాదు.

నేను చేరిన రెండేళ్ళకి, ఒకరోజు శ్రీరంగనాయకులుగారు వచ్చారు. ఆయనకి మెయిన్ బజారులో నూనెల హోల్‌సేలు కొట్టు ఉంది. కుర్చీలో కూర్చుని కండువాతో మెడ తుడుచుకుని చాలాసేపు ఎండ గురించి మాట్లాడారు. లేచేముందు అసలు మాట చెప్పారు.

"ఈ స్థలంలో కాంప్లెక్సు లేపుదామనుకుంటున్నామండీ వహాబుగారూ. మా ఆవిడ పట్టుబట్టిందండీ."

"మంచిదేగదండీ."

"కింద సెల్లారు ఉంటుందండీ, బండ్లకే. మీరు చూసుకుంటానంటే మీకే. కట్టినన్నాళ్ళూ పక్క ఖాళీలో సర్దుకోవచ్చు. వద్దంటే మా బావమరిది అడుగుతున్నాడు. శ్రావణంలో శంకుస్థాపనండీ. ఈలోగా ఓ మాట చెప్పండి."

సరేనన్నారు వహాబుగారు. ఆయన వెళ్ళాక మాత్రం సందు చివరిదాకా చూస్తూ కూర్చున్నారు.

"నేలకింద బతకాలన్నమాట వీర్రాజుగారూ."

ఎందుకలా అన్నారో నాకు తెలుసు. వాళ్ళది తివాచీలు నేసిన కుటుంబం. వాళ్ళ నాన్నగారు కిటికీ లేని గదిలో మగ్గం ముందు కూర్చుని కూర్చుని, నలభై దాటకుండానే చూపు పోగొట్టుకున్నారు. ఆయన్ని చెయ్యి పట్టుకుని మసీదుకి తీసుకెళ్ళింది ఈయనే. నేత మానేసి బయట చెట్టుకింద సైకిళ్ళకి కాపలా కూర్చుంటే చాలనుకున్నారట అప్పుడే. ఆ పాత తివాచీ ముక్క ఒకటి ఇప్పటికీ ఆయన కుర్చీలో ఉంటుంది. పూలు అరిగిపోయి వెనకవైపులాగే కనపడుతుంది ముందువైపు కూడా.

అది జరిగిన కొద్దిరోజులకే రెండో మాట వచ్చింది. తాడేపల్లిగూడెం అవతల హైవే పక్కన కొత్తగా ఒక ఇంజనీరింగు కాలేజీ లేచింది. అప్పటిదాకా బండ్లు లోపలికి రానిచ్చేవారు కాదు. పిల్లలు బయట రోడ్డుమీద పెట్టి గొడవలవుతున్నాయని, స్టాండు పెట్టుకునే నమ్మకమైన మనిషి కోసం చూస్తున్నారు. వహాబుగారి పేరు ఎవరో చెప్పారట. పెద్ద మైదానం, నాలుగువైపులా గాలి. అయితే రేకుల షెడ్డు మనమే వేసుకోవాలి. దానికి ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టాలి. బండ్లు రాకపోతే షెడ్డు కాలేజీదవుతుంది, ఇల్లు బ్యాంకుదవుతుంది. ఈ స్టాండు ఎలాగూ ఉండదు.

రెండూ ఒక మనిషి చూసుకోలేడు. ఏదో ఒకటి పట్టుకోవాలి.

వహాబుగారి అమ్మాయి నిలోఫర్ బీకాం ఆఖరి సంవత్సరం చదువుతోంది. తండ్రిని అబ్బా అని పిలుస్తుంది. చేరిన కొత్తలో ఆ పిల్లకి మాటిమాటికీ ఎక్కడో నొప్పెడుతోందనుకునేవాణ్ణి నేను.

"అబ్బా, ముందు మార్కెట్ సైజు ఎంతో చూడాలండీ" అంది.

"చేపల మార్కెట్టు సైజయితే వీర్రాజుగారిని అడుగు" అన్నారు ఆయన.

"నవ్వకండి. కాలేజీలో ఎంతమందున్నారు, అందులో బండి ఉన్నవాళ్ళెంతమంది, అందులో స్టాండులో పెట్టేదెంతమంది. ఇది తెలియకుండా షెడ్డు వేస్తే ఎలాగండీ?"

"రెండువేలమందట. అందరినీ అడుగుతావా?"

"అందరినీ అడగక్కర్లేదు. కొంతమందిని అడిగితే చాలు."

అది నాకు కొత్తగా అనిపించలేదు. చెరువులో చేప ఎంత పెరిగిందో, ఎంత ఉందో చూడటానికి ఎవరూ నీళ్ళు తోడించరు. నాలుగుచోట్ల వల విసిరి, పడ్డదాన్నిబట్టి అనుకుంటారు. ఆ మాటే అన్నాను. మేత వేసేచోట మాత్రం వల వెయ్యకూడదని కూడా చెప్పాను. చేపంతా అక్కడే ఉంటుంది, చెరువు నిండా ఉందనిపిస్తుంది.

నిలోఫర్‌కి అది నచ్చింది. "అయితే ఒక్క క్యాంటీను దగ్గరే అడగొద్దు బాబాయిగారూ. బస్సుల దగ్గర, లైబ్రరీ దగ్గర, అమ్మాయిల హాస్టలు దగ్గర, అన్నిచోట్లా అడుగుదాం" అంది.

ఆడపిల్ల ఒక్కతే వెళ్ళటం బాగుండదని నన్ను తోడు పంపారు.

ప్యాసింజరులో వెళ్ళాం. దెందులూరు, భీమడోలు, పూళ్ళ. రైలు ఆగిన ప్రతిచోటా భుజాన సంచులేసుకున్న పిల్లలు ఎక్కుతూనే ఉన్నారు. కిటికీ అవతల చెరువుల మీద కొంగలు వాలి ఉన్నాయి. నిలోఫర్ దారంతా ఏమేం అడగాలో పెదవులు కదిలిస్తూ చెప్పుకుంటోంది.

కాలేజీ ఆఫీసు చూసుకునే ఏఓగారు మర్యాదస్తుడు. మమ్మల్ని కూర్చోబెట్టి మజ్జిగ తెప్పించారు. కిటికీలోంచి మైదానం చూపించారు.

"ఈ రోజుల్లో బండి లేనిదెవరికండీ? తేవద్దన్నాం కాబట్టి మీకిప్పుడు కనపడటం లేదు. స్టాండు పెట్టి చూడండి, ఆ గోడదాకా నిండిపోదూ."

మైదానం నిజంగా బాగుంది. వేపమొక్కలు నాటి ముళ్ళకంపలు కట్టారు. ఒక పక్కన పసుపురంగు కాలేజీ బస్సులు వరసగా ఉన్నాయి. చివరి రెండు బస్సుల చక్రాలకి నల్లమట్టి పట్టి ఎండిపోయి ఉంది. అవి చెరువుల ఊళ్ళలోంచి వచ్చే బస్సులై ఉంటాయనుకున్నాను.

పొద్దుపోయేదాకా అడిగింది నిలోఫర్. ఓపికున్న పిల్ల. తన ఈడువాళ్ళే అయినా ఒక్కరిని కూడా ఏకవచనంతో పిలవలేదు. ముక్కూమొహం తెలియని మగపిల్లవాణ్ణి ఆడపిల్ల నువ్వంటుందా? ఆడపిల్లల్నయినా మన వైపు కొత్తలో మీరనే అంటాం.

"ఏవండీ, ఒక్క నిమిషం. మీకు బండి ఉందాండీ?"

"ఉందండీ."

"స్టాండు పెడితే అందులో పెట్టుకుంటారాండీ?"

"పెట్టుకుంటామండీ. ఎండలో ఎందుకండీ పాడవటం."

లహరి అని ఒక అమ్మాయి నవ్వుతూ "మాకు రెండున్నాయండీ" అంది. అభిరామ్ అని ఒక కుర్రాడు "పల్సరండీ" అన్నాడు ఛాతీ విరుచుకుని. ఎవరూ విసుక్కోలేదు. అడిగినదానికన్నా ఎక్కువే చెప్పారు.

నేను పక్కన నిలబడి కాళ్ళు చూస్తున్నాను. గేరుబండి తోలేవాళ్ళకి ఎడమకాలి జోడు మీద, వేళ్ళ దగ్గర, నల్లటి మచ్చ పడుతుంది. స్టాండులో చూసి చూసి అలవాటు. ఇక్కడ ఉందన్న మగపిల్లల్లో చాలామంది జోళ్ళు శుభ్రంగా ఉన్నాయి. తిరుగురైల్లో ఆ మాట చెప్పాను.

"ఇప్పుడందరూ స్కూటీలేగదండీ బాబాయిగారూ. గేర్లుండవు" అంది నిలోఫర్.

అదీ నిజమే అనిపించింది. 

పదిమందిలో ఆరుగురికి బండి ఉంది. లెక్క తేలింది అది. నిలోఫర్ ఆరుని నాలుగు చేసి చూసింది, మూడు చేసి చూసింది. "సగం మంది మాటతప్పినా షెడ్డు నిలబడుతుంది అబ్బా" అంది. వహాబుగారు అమ్మాయి వంక చూసి, కాగితం వంక చూసి, తలకాయ ఊపారు. ఆయన మొహంలో అంత వెలుగు నేను అంతకుముందు చూడలేదు. ఆ సాయంత్రమే శ్రీరంగనాయకులుగారి కొట్టుకి వెళ్ళి, సెల్లారు నాకు వద్దండీ అని చెప్పి వచ్చారు. శనివారం కాలేజీలో సంతకాలు. దానికి ముందురోజు బ్యాంకు.

గురువారం స్టాండు మూశాక నన్ను ఇంటికి రమ్మన్నారు. షెడ్డు ఎటువైపు వెయ్యాలో, గేటు ఎక్కడ పెట్టాలో మాట్లాడుకుందామని. వాళ్ళావిడ ఆబిదాగారు టీ, ఉస్మానియా బిస్కెట్లు తెచ్చి పెట్టారు. ఆమెకి ఇంటి కాగితాలు బయటికి తీయటం ఇష్టం లేదు. అయినా ఆ మాట నాముందు ఎత్తకుండా, నా గురించి అడిగారు.

"గూడెం అంటే మీకు దూరమైపోదాండీ? పొద్దున్నే అంత దూరం రోజూ ఎలా వస్తారు?"

"వస్తానండీ."

"మీకు బండి ఉందాండీ?"

"ఉందండీ" అన్నాను.

"అయితే ఇంకేమండీ. బండి ఉంటే ఎంతసేపు."

"బండి మీద కాదండీ. ఆటోలో వచ్చి రైలెక్కుతాను."

"బండి ఉందన్నారు గదండీ?"

"ఉందండీ. మా తమ్ముడి దగ్గరుంటుంది. వాడు చెరువుకి మేత బస్తాలు మోసేది దాని మీదేనండీ."

నిలోఫర్ బిస్కెట్టు టీలో ముంచి పట్టుకుంది. అది మెత్తబడి విరిగి టీలో పడిపోయింది. ఆ పిల్ల చూసుకోలేదు.

"బాబాయిగారూ, మరి ఉందని ఎందుకన్నారండీ?"

"మాకుందమ్మా."

"మీకు లేదు."

"నాకు లేదు. మాకుంది."

 బయట సందులో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. నేను తప్పేమన్నానో నాకింకా తెలియలేదు.

"నేను అందరినీ మీకు, మీకు అని అడిగాను అబ్బా" అంది నిలోఫర్ నెమ్మదిగా. "వాళ్ళు ఇంట్లో అందరికీ కలిపి చెప్పారు."

"మరి పరాయి పిల్లల్ని నీకు అంటావేంటమ్మా?" అన్నారు ఆయన.

"అననండీ. ఎలా అంటాను? అననుగనకే ఇలా అయింది."

వహాబుగారు గ్లాసు కింద పెట్టారు. కోపం రాలేదు ఆయనకి. మొహంలో వెలుగు మాత్రం దీపం వత్తి దించినట్టు తగ్గింది.

"శ్రీరంగనాయకులుగారు మా ఆవిడ అంటారు" అన్నారు చివరికి. "నేనూ మా ఆవిడ అంటాను. ఎంతమందికండీ అని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు."

ఆబిదాగారు కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. నవ్వారో ఏమో, లోపలికి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి ఆటోలో ఇంటికి పోతూ చెరువు సంగతి తలుచుకున్నాను. గట్లు కొట్టకముందు ఆఫీసు నుంచి ఎవరో వచ్చి, మీకు చెరువు ఉందా అని ఊళ్ళో ఒక్కొక్కరినీ అడిగి వెళ్ళారు. అందరం ఉందండీ అనే చెప్పాం. అది ఊరి సొసైటీ చెరువు. ఎవరికెంత భాగమో ఎవరమూ ఆలోచించుకోలేదు. కౌలుకి తీసుకున్న ఆసామి వేరే ఊళ్ళో ఉండేవాడు. అయినా మా చెరువు అనే అనేవాళ్ళం. పీకలమీదికి వచ్చినా నా చెరువు అన్న మాట మా నోట్లోంచి రాదు. గట్టు తెగి నీళ్ళు కొల్లేట్లో కలుస్తుంటే ఊరంతా నిలబడి చూశాం. ఉన్నన్నాళ్ళూ అది మాది. పోయాక ఎవరి పొయ్యి దగ్గర వాళ్ళం కూర్చున్నాం.

మర్నాడు బ్యాంకుకి వెళ్ళలేదు వహాబుగారు. సంతకానికి ఇంకా ఒక రోజుంది, ఇంకోసారి అడిగి చూద్దామన్నారు. ఈసారి స్టాండుని మా సందులో సోడాకొట్టు నాగరత్నంగారికి అప్పజెప్పి ముగ్గురం వెళ్ళాం. రైల్లో నిలోఫర్ ప్రశ్న మార్చటానికి చాలా తంటాలు పడింది. "మీకొక్కరికే సొంతంగా బండి ఉందాండీ అంటే?" అంది. అలా అడిగితే గొడవకొచ్చినట్టుంటుందని వహాబుగారు ఒప్పుకోలేదు. "మీకంటే మీకు కాదండీ, మీకు" అని చూసింది. తనకే నవ్వొచ్చింది.

"స్టాండువాళ్ళంగదమ్మా మనం" అన్నారు వహాబుగారు. "బండి ఎవరిదో మనకెందుకు. పగలు ఎక్కడుంటుందో అడుగు."

అదే అడిగింది.

"మీ బండి పగలు ఎవరి దగ్గరుంటుందండీ?"

అదే పిల్లలు, అదే మర్యాద. జవాబులు మాత్రం వేరు. నాన్నగారి దగ్గరండీ, చెరువు మీదుంటారు. అన్నయ్య దగ్గరండీ, భీమవరం తిరుగుతాడు. బాబాయి పాలకేంద్రానికి తీసుకెళతాడండీ, సాయంత్రానికి గాని రాడు. రెండు బండ్లున్న లహరి కనపడింది. వాళ్ళది దెందులూరు దగ్గర. ఒక బండి వాళ్ళ నాన్న దగ్గర, ఒకటి వాళ్ళన్నయ్య దగ్గర.

"మరి మీరెలా వస్తారండీ?"

"సైకిలు మీద హైవే దాకా వస్తానండీ. అక్కడ మా అత్తయ్యగారి అరుగుమీద పెట్టేసి కాలేజీ బస్సెక్కుతాను. మా ఊరి పిల్లలం అందరం అక్కడే పెడతాం. అత్తయ్య తిడుతూనే ఉంటుంది, కాలు పెట్టే సందు లేదర్రా అని."

"స్టాండు పెడితే బండి ఇక్కడికి తెచ్చుకుంటారాండీ?"

ఆ అమ్మాయి వింతగా చూసింది. "నేను తెచ్చేస్తే మా నాన్న చెరువుకి దేనిమీద వెళతారండీ?"

వహాబుగారు వేపమొక్కల దగ్గర నిలబడి ఇదంతా వింటున్నారు. గాలి బాగా వీస్తోంది. ఆయన చొక్కా వీపున ఉబ్బి ఊగుతోంది. ఆ మైదానాన్ని ఇంకోసారి ఈ చివర్నించి ఆ చివరికి చూశారు.

పల్సరు అభిరామ్ క్యాంటీను మెట్లమీద దొరికాడు. అతనొక్కడి జోడు మీద మచ్చ ఉంది. మొన్న కాళ్ళ గుంపులో నేను గమనించలేదు.

"మీ బండి పగలు ఎవరి దగ్గరుంటుందండీ?" అని నిలోఫర్ అడిగింది.

అతను నా వంక చూపించాడు. "ఈయన దగ్గరేనండీ."

నాకు అర్థం కాలేదు. "నా దగ్గరా?"

"పవర్‌పేట స్టాండులోనండీ. నల్ల పల్సరు. ఎడంవైపు అద్దం ఉండదు."

ఆ బండి నాకు బాగా తెలుసు. చైను వదులైంది, ట్యాంకు మీద అమ్మ దీవెన అని రాసి ఉంది. దాని యజమాని మొహం నేను చూడటం అదే మొదటిసారి. మొన్న కూడా ఎదురుగా నిలబడి చూశాను, పోల్చుకోలేదు.

"మా ఏలూరు బ్యాచ్ అంతా అక్కడే పెడతామండీ" అన్నాడు అభిరామ్. "ప్యాసింజరులో వస్తాం. పాసుంటుంది."

"ఇక్కడ స్టాండు పెడితే బండిమీదే వచ్చెయ్యొచ్చుగదండీ?" అన్నారు వహాబుగారు. అడిగేది ఆయనే అయినా జవాబు ఎలా ఉంటుందో ఆయనకి తెలిసినట్టే ఉంది గొంతు.

"హైవేమీదాండీ? లారీల్లోనా? మా అమ్మ కాళ్ళు విరగ్గొడుతుందండీ."

ఏఓగారికి ఆయన ఉన్నదున్నట్టు చెప్పారు. స్టాండు అక్కర్లేదని కాదండీ, ఊళ్ళోవాళ్ళ బండ్లకి, మేష్టర్ల బండ్లకి ఒక చిన్న పాక చాలండీ, వాచ్‌మనే చూసుకోవచ్చు, అని. ఏఓగారు కాసేపు కిటికీలోంచి చూసి, "మాకూ నాలుగు డబ్బులు వస్తాయనుకున్నామండీ" అన్నారు. మళ్ళీ మజ్జిగ తెప్పించారు.

తిరుగురైలెక్కాం. ఇల్లు నిలిచింది. మరి బతుకు సంగతి? స్టాండు స్థలం శ్రావణం దాకే. సెల్లారు వద్దని వహాబుగారు తన నోటితో తానే చెప్పి వచ్చారు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవటం ఆయనకి చొక్కా విప్పి బజారులో నిలబడటంలాంటిది. కైకరం దాటాక ఒక్కసారి నిలోఫర్‌తో అన్నారు. "నీ ప్రశ్న తప్పు కాదమ్మా. కాలేజీ వాళ్ళ బండ్లు ఎక్కడున్నాయో తెలుసుకుందామని బయల్దేరాం. తెలిసింది. మన కళ్ళముందే, స్టాండులోనే ఉన్నాయి."

స్టేషను నుంచి అటే శ్రీరంగనాయకులుగారి కొట్టుకి నడిచారు. నన్నూ రమ్మన్నారు. నిలోఫర్‌ని ఇంటికి పంపేశాం.

కొట్టు నిండా వేరుశనగ నూనె వాసన. నేలంతా జిగటగా ఉంది, చెప్పులు అంటుకుంటున్నాయి. శ్రీరంగనాయకులుగారు పరుపుమీంచి లేవకుండానే నమస్కారం పెట్టారు.

"రండి రండి. సంతకాలు రేపుగదండీ?"

"లేదండీ. కాలేజీకి వెళ్ళటం లేదండీ." వహాబుగారు నిలబడే చెప్పారు. "సెల్లారు వద్దన్నాను మొన్న. ఆ మాట తప్పండీ. ఇంకా ఎవరికీ ఇవ్వకపోతే నేను చూసుకుంటానండీ. ఇచ్చేసుంటే మీరేమీ అనుకోవద్దు. వెళ్ళిపోతాను."

శ్రీరంగనాయకులుగారు గుమాస్తాని పిలిచి ఏదో డబ్బా ఎక్కడ పెట్టావని అడిగారు. అది చెప్పాక ఇటు తిరిగారు.

"మా బావమరిది రోజూ తిరుగుతున్నాడండీ. అయినా అంత పెద్ద కాలేజీ ఎందుకొద్దనుకున్నారండీ? రెండువేలమంది పిల్లలు. ఈ కాలంలో బండి లేనిదెవరికి?"

"మీకుందాండీ బండి?"

"నాకా? మాకు నాలుగున్నాయండీ."

"పగలు ఎవరి దగ్గరుంటాయండీ?"

"ఒకటి మా పెద్దాడు, ఒకటి చిన్నాడు. ఒకటి కొట్టు గుమాస్తా తిప్పుతాడు. స్కూటీ మా ఆవిడ నాగమల్లేశ్వరి..." అని ఆగారు.

"ఇవాళ మీరు కొట్టుకి ఎలా వచ్చారండీ?"

"రిక్షాలో వచ్చానండీ."

ఆయన నవ్వటానికి కొంచెం టైము పట్టింది. మొదట పొట్ట కదిలింది. తర్వాత భుజాలు. గుమాస్తా కూడా తలవంచుకుని నవ్వుతున్నాడు.

"కూర్చోండి ముందు" అన్నారు కండువాతో కళ్ళు తుడుచుకుంటూ. "సెల్లారు మీదేనండీ."

వహాబుగారు కూర్చోలేదు. నేను ఆయన మొహం చూశాను. రెండు రోజుల్లో ఎంతో కష్టపడి నేర్చుకున్నదేదో ఆ మొహంలో ఉంది.

"నాదాండీ?" అన్నారు, ఎప్పటిలాగే మెత్తగా. "మీదే అంటే నేనూ మీ బావమరిదిగారూ కలిపాండీ?"

శ్రీరంగనాయకులుగారి నవ్వు ఆగింది. వేలితో పరుపుమీద గీతలు గీసుకున్నారు. ఆ మాటని అలా వదులుగా ఉంచుదామనే ఆయన అనుకున్నారేమో, అప్పుడు నాకు అనిపించింది. కావాలని కాకపోవచ్చు. మన మాటలకి ఆ వెసులుబాటు ఉంది. అడగకపోతే అందరమూ అందులో తలదాచుకుంటాం.

"మీ ఒక్కరిదేనండీ" అన్నారు చివరికి. "కాగితం కూడా మీ ఒక్కరి పేరునే రాయిస్తాను."

అప్పుడు కూర్చున్నారు వహాబుగారు. ఒక్కటే కోరిక అడిగారు. బిళ్ళలు ఇచ్చే బల్ల సెల్లారులో కాకుండా పైన, దిగే దారి మొదట్లో, రోడ్డుకి ఎదురుగా పెట్టుకోనివ్వాలని. రైలుకి పరుగెత్తే పిల్లలు లోపలిదాకా రాలేరని చెప్పారు. అది నిజమే. అసలు కారణం నాకు తెలుసు, చెప్పలేదు.

"గాలి తగులుతుందిలెండి" అన్నారు శ్రీరంగనాయకులుగారు. ఆయనకీ తెలిసినట్టుంది.

మర్నాడు పొద్దున్న ప్యాసింజరు వేళకి నల్ల పల్సరు వచ్చింది. అభిరామ్ తాళం వేస్తూనే రెండడుగులు వేశాడు. చెయ్యి చాపాడు. బిళ్ళ ఇస్తూ మొహం చూశాను. పై పెదవి మీద గాటు ఉంది, గడ్డం చేసుకుంటుంటే తెగినట్టుంది.

"చైను వదులైందండీ. చూసుకోండి" అన్నాను.

"నాన్నకి చెప్పాలండీ. బండి ఆయనది" అని పరుగెత్తాడు.

రెండో బిళ్ళ హ్యాండిలుకి తగిలించి, బండిని నీడలోకి తోశాను. గోధుమరంగు కుక్క అక్కడే పడుకుని ఉంది.

"కాస్త లేవండి" అన్నాను.